గొడుగు కింద అన్నాచెల్లెళ్ళు

పెళ్ళయి నెల తిరక్కముందే ఆమె తన భర్తకి చెల్లెలైపోయింది. అదీ ఓడలో, భోజనాల బల్ల దగ్గర, ఆయన నోటితోనే.

ఓడెక్కిన మర్నాడు మధ్యాహ్నం ఒక పెద్దావిడ పళ్ళెం పట్టుకుని, తెలుగు మాట చెవిన పడిందని సంబరపడుతూ వాళ్ళ బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. వెనకాలే ఆవిడ భర్త, ఆ వెనక ఆవిడ ఆడపడుచు. కూర్చున్న కాసేపటికే ఆవిడ ఆ బల్లకంతటికీ పిన్నిగారైపోయింది. ఇంకాసేపటికి ఆమె ముఖంలోకి తేరిపార చూసి, "నువ్వు మా అబ్బాయి ఆఫీసులో చేసే ఆయన అక్కవి కదూ? కాలేజీలో కెమిస్ట్రీ చెప్తావు. పెళ్ళి చేసుకోలేదు పాపం" అంది. ఆ 'పాపం' ఇంకా గాల్లో ఉండగానే పక్క కుర్చీ వైపు తిరిగి, "మరి వీరు?" అని ఆరా తీసింది.

ఆమె నోట్లో ముద్ద ఉంది. అది మింగి గర్వంగా చెబుదామనుకునేలోపు, పక్కనున్నాయన ఆమె పళ్ళెంలో చేపముళ్ళు తీయడం ఆపి, గొంతు సవరించుకుని అనేశాడు.

"వరసకి అన్నయ్యనండీ."

ముద్ద కాస్తా గొంతుకి అడ్డం పడింది. మంచినీళ్ళ గ్లాసు అన్నయ్యే అందించాడు.

నలభై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా ఆమె అందరికీ అక్క. తమ్ముళ్ళిద్దరి చదువులు, పెళ్ళిళ్ళు, వాళ్ళ పిల్లల టీకాలు, పరీక్షలు, అన్నీ ఆమె చేతి మీదుగానే గడిచాయి. అవన్నీ తీరి చత్వారం వచ్చాక కళ్ళజోడు కోసం ఒక షాపుకి వెళ్ళింది. షాపాయన భార్య పోయి చాలా ఏళ్ళుగా ఒంటరిగా ఉన్న మనిషి. జోడు ఆమె ముక్కు మీద నిలబెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, "ఇప్పుడెలా ఉంది మేడమ్?" అన్నాడు. బాగానే ఉంది. అయినా బాగాలేదంది. మరుసటి వారం మళ్ళీ వెళ్ళి, ఎడమ కాడ వదులైందంది. ఆ తరవాత కుడి కాడ. ఒకే జోడుని అన్నిసార్లు సరిచేశాక, ఇక పెళ్ళి చేసుకోవడం తప్ప వాళ్ళకి వేరే దారి లేకపోయింది. రిజిస్టర్ ఆఫీసులో సంతకాలు చేసి, తిన్నగా ఈ ఓడ టిక్కెట్లు కొనుక్కున్నారు. ఆయన ఇప్పటికీ ఆమెని మేడమ్ అనే అంటాడు. పొద్దున్నే కళ్ళు తెరిస్తే మంచం పక్క బల్ల మీద రెండు కళ్ళజోళ్ళు కాళ్ళు ముడుచుకుని పక్కపక్కన పడుకుని ఉంటాయి. ఆ దృశ్యం చూడటానికే ఆమె రోజూ ఆయన కంటే ముందు లేస్తోంది.

అలాంటి మనిషి అన్నయ్యనన్నాడు. గదికి వెళ్ళాక నిలదీస్తే, "ఉన్నది నాలుగు రోజులే కదా మేడమ్, పోనిద్దురూ" అన్నాడు. ఆమె అరికాలి మంట నెత్తికెక్కింది.

తరవాతి రోజు ఉదయం ఓడ ఒక రేవులో ఆగేసరికి వాన. ఆకాశాన్నీ సముద్రాన్నీ ఒకే బూడిదరంగు తానులోంచి కత్తిరించినట్టుంది. దిగే మెట్ల దగ్గర పిన్నిగారు కుర్చీ వేయించుకుని కూర్చుంది.

"ఈ వానలో దిగేవాళ్ళకి మతిపోయినట్టే. పైన పేకాట పెడుతున్నాం. బాబూ, నువ్వు తప్పకుండా రావాలి. మా ఆడపడుచుకి జోడీ లేదు."

జోడీ అన్నప్పుడు ఆవిడ ఆమె వైపు చూసి కన్నుగీటింది. ముందురోజు సాయంత్రమే ఆమెని పక్కకి లాక్కెళ్ళి చెప్పేసింది కూడా: "మా ఆడపడుచు బ్యాంకులో చేసి రిటైరైంది. నెమ్మదస్తురాలు. మీ అన్నయ్యా ఒంటరివాడేనటగా. నువ్వే కాస్త మాట కలుపమ్మాయ్." తన మొగుడికి తనే సంబంధం కుదిర్చే యోగం ఎంతమందికి పడుతుంది.

ఆయన నీళ్ళు నమిలాడు. "చూద్దామండీ, వాన ఎలాగూ..."

"మేం దిగుతున్నాం" అంది ఆమె, బూటు లేసు బిగిస్తూ.

"మీ అన్నయ్యకి జలుబు చేస్తుందే."

"చేస్తే ఆవిరి పట్టడానికి నేనున్నాగా పిన్నిగారూ."

గొడుగు ఒక్కటే ఉంది. ఆయన దాన్ని విప్పి, చెయ్యి బారుగా చాపి ఆమె నెత్తి మీద పట్టుకుని, తను మాత్రం మూరెడు దూరంలో వానలో నడవసాగాడు.

రేవు గేటు దాటగానే నల్లరాళ్ళు పరిచిన వీధి. ఒక పక్క గోదాములు, ఇంకో పక్క ఓడలకి కావలసిన తాళ్ళు, ఇనప కొక్కేలు అమ్మే షాపులు. తాటిపండంత ముడి ఒకటి అద్దం వెనక వేలాడుతోంది. మంగలి షాపులో సగం గడ్డం గీయించుకున్న పెద్దమనిషి నురగతోనే గుమ్మంలోకి వచ్చి వానని చూస్తున్నాడు. పైఅంతస్తు తీగ మీద ఎవరో మర్చిపోయిన ఒంటి మేజోడు నానుతోంది. ఆమె బూట్లలోకి నీళ్ళు చేరి అడుగడుగుకీ కప్పలా బెకబెకమంటున్నాయి. చిన్నప్పుడు ఇలా తడిస్తే తిట్టడానికి అమ్మ ఉండేది, పెద్దయ్యాక తమ్ముళ్ళని తిట్టడానికి తనుంది. ఇవాళ తిట్టేవాళ్ళు లేరు. ఇంకో నీటిగుంట కనబడితే కావాలనే అందులోంచి నడిచింది.

ఇంత సంతోషంలోనూ పక్కకి చూస్తే ఆ బారుచెయ్యి కనబడుతోంది. ఆయన చొక్కా వీపుకి అతుక్కుపోయింది. కళ్ళజోడు మీంచి నీళ్ళు కారుతున్నాయి.

"దగ్గరికి రండి."

"ఫర్లేదు మేడమ్." అంటూనే భుజం మీదుగా వెనక్కి చూశాడు. ఇళ్ళ కప్పుల పైన ఓడ అంతస్తులు తెల్లగా కనబడుతున్నాయి. "పైన రెయిలింగ్ దగ్గర మనవాళ్ళుంటే..."

"ఉంటే?"

ఆయన ఆగాడు. చూరు కింద నిలబడి, తడిసిన జేబురుమాలుతో తడిసిన అద్దాలని తుడిచి, ఇంకా తడిపాడు.

"మీ తమ్ముడు నా దగ్గర మాట తీసుకున్నాడు. బయలుదేరే ముందు షాపుకొచ్చి, కొన్నాళ్ళు ఎవరికీ తెలియనివ్వకండి, ఈ వయసులో అక్కకి పెళ్ళంటే ఆఫీసులో నవ్వుతారు, పిల్ల సంబంధాలప్పుడు అడుగుతారు అన్నాడు. సరేనన్నాను. తీరా ఆ పిన్నిగారు మీ తమ్ముడి పేరెత్తేసరికి కంగారులో నోటికేదొస్తే అది..."

"నా పెళ్ళికి వాడు మాట తీసుకోవడమేంటి? మీరు ఇవ్వడమేంటి?"

"మీకు వాళ్ళంటే ప్రాణం కదా అని..."

"ప్రాణమే. వాడి ఫీజులు కట్టాను, వాడి పిల్లకి జ్వరమొస్తే నేను మేలుకున్నాను. అప్పుడెవరూ నవ్వలేదు. నేను నవ్వితే మాత్రం ఊరు నవ్వుతుందా?"

ఆమె గొడుగు కిందనుంచి బయటికి వచ్చి గబగబా వీధి వెంట నడిచేసింది. వాన నెత్తిన దరువు వేసింది. వెనకాల ఆయన బూట్లు పరిగెత్తుతున్న చప్పుడు. ఆగకూడదనుకుంది. మలుపు తిరగ్గానే ఆగిపోయింది, ఎందుకంటే ఎదురుగా కళ్ళజోళ్ళ షాపు.

చిన్న షాపు. బల్ల వెనక తెల్లజుట్టు ఆవిడ ఒకరు సానయంత్రం మీద అద్దం అంచు అరగదీస్తోంది. ఆయన మొహం చూస్తే ఈ వాన, ఆ ఓడ, పిన్నిగారు, అన్నీ ఒక్కసారిగా తుడిచిపెట్టుకుపోయినట్టుంది. "అబ్బ, ఈ యంత్రం మా నాన్న దగ్గరుండేది" అంటూ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆవిడకి మన భాష రాదు, ఆయనకి ఆవిడ భాష రాదు. అయినా చొక్కా జేబులోంచి చిటికెనవేలంత స్క్రూడ్రైవర్ తీసి చూపించేసరికి ఆవిడ కిసుక్కున నవ్వి స్టూలు లాగి వేసింది. పొడిగుడ్డ ఇచ్చింది. ఆయన ముందు ఆమె జోడు తుడిచి పెట్టాడు, ఆ తరవాతే తనది.

ఆ వరస చూసి ఆవిడ ఆయన్నీ ఆమెనీ వేలితో చూపించి, రెండు చూపుడువేళ్ళు దగ్గరగా చేర్చి కనుబొమలెగరేసింది.

ఆయన వెంటనే తలూపాడు. ఊపడమే కాదు, ఉంగరమున్న వేలు కూడా ఎత్తి చూపించి, బడిపిల్లాడిలా నవ్వాడు.

ఆమె స్టూలు మీద కూర్చుని ఆ నవ్వుని తనివితీరా చూసింది. బయటికి వచ్చాక గొడుగు కాడ పట్టుకుని ఆపింది.

"భాష రాని చోట చెప్పారు. వచ్చిన చోట చెప్పలేరా?"

ఆయన మళ్ళీ ఓడవైపు చూశాడు.

"మనం ఓడెక్కేలోపు మీరు చెప్పకపోతే నేను చెబుతాను. నేను చెబితే క్లాసులో చెప్పినట్టే ఉంటుంది, చివరి బెంచీక్కూడా వినబడుతుంది."

ఓడెక్కేదాకా ఆగే అవసరం లేకపోయింది. వీధి చివర, కొండ మీద ఓడలకి దారి చూపే దీపస్తంభానికి వెళ్ళే మెట్ల దగ్గర, పసుప్పచ్చ ప్లాస్టిక్ కోట్లలో మూడు ఆకారాలు ఒక చూరు కింద నిలబడి ఉన్నాయి. పిన్నిగారు, భర్త, ఆడపడుచు.

"మీరు దిగారని మాకూ బుద్ధి పుట్టింది, మా కొంప ముంచారు" అని అరిచింది పిన్నిగారు. "బాబూ, ఆ గొడుగు ఇటు పట్టు. మా ఆడపడుచు తడిసిపోతోంది. అమ్మాయికి నా కోటు ఇస్తాలే."

"పిన్నిగారూ, ఒక మాట..." అన్నాడు ఆయన.

"మాటలు తరవాత, ముందు గొడుగు. వదినా, వెళ్ళి నిలబడు. మొహమాటమేంటి, వీళ్ళ అన్నయ్య ఎంత మంచివాడో..."

"పిన్నిగారూ, ఈమె..."

"తెలుసయ్యా, మీ చెల్లెలు బంగారం. నేను అనలేదనా? మా అబ్బాయితో కూడా ఫోన్లో..."

గుక్క తిప్పుకోవడం లేదు. ఆమె గొంతు సవరించుకుంది. చివరి బెంచీకి వినబడేలా ఊపిరి పీల్చుకుంది కూడా. అంతలో ఆమె భుజం మీద ఒక చెయ్యి పడింది. తడిసి చల్లగా ఉంది, అయినా గట్టిగానే లాగింది. మూరెడు దూరం ఒక్కసారిగా పోయి, ఇద్దరూ ఒకే గొడుగు కిందున్నారు.

"ఈమె మా ఆవిడండీ" అన్నాడు ఆయన.

పిన్నిగారి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. చూరు నీళ్ళ చప్పుడు మొదటిసారి అందరికీ వినబడింది.

"అయితే చెల్లెలేది?" అంది చివరికి.

"చెల్లెలు లేదండీ. అబద్ధం చెప్పాను. మీ ఆడపడుచుగారికి క్షమాపణలు."

ఆడపడుచు కోటు టోపీలోంచి మొహం బయటపెట్టింది. "నాకెందుకండీ క్షమాపణలు, నేనిప్పుడే ఊపిరి పీల్చుకున్నాను. నన్ను అడక్కుండానే మా వదిన నాకు ఇది మూడో సంబంధం చూడటం."

"నాకు నిన్న భోజనాల బల్ల దగ్గరే అనుమానమొచ్చింది" అన్నాడు పిన్నిగారి భర్త. రెండు రోజుల్లో ఆయన నోరు విప్పడం అదే మొదలు. "చెల్లెలి పళ్ళెంలో చేపముళ్ళు తీసిపెట్టే అన్నని నేనింతవరకు చూళ్ళేదు."

"మీరూరుకోండి" అని కసిరి, పిన్నిగారు ఆమె వైపు తిరిగింది. "ఈ వయసులో పెళ్ళేమిటమ్మాయ్?"

"ఈ వయసులోనే పిన్నిగారూ. నా దగ్గర ఇంకో వయసు లేదు."

"మీ తమ్ముడికి తెలుసా?"

"వాడికి తెలుసు. వాడి ఆఫీసుకే తెలియదు." ఆమె నవ్వింది. "మీ ఫోన్ తీయండి. మా ఇద్దరికీ ఒక ఫోటో తీసి, మీ అబ్బాయికి పంపండి. నేను మా తమ్ముడికి పంపితే దాచేస్తాడు, మీరు పంపితే పదిమందీ చూస్తారు."

పిన్నిగారు కాసేపు ఆమెని ఎగాదిగా చూసింది. ఆవిడ మొహంలో కోపం, ఇంత పెద్ద కబురు మొదట తన చేతికే చిక్కిందన్న ఆనందం పోట్లాడుకున్నాయి. ఆనందమే గెలిచింది.

"కాస్త దగ్గరగా నిలబడండి" అంది ఫోన్ తుడుస్తూ. "ఏమయ్యా, ఇప్పుడైనా పెళ్ళికొడుకులా నవ్వు."

ఫోటో అయ్యాక వాళ్ళు ముగ్గురూ ఓడవైపు, వీళ్ళిద్దరూ దీపస్తంభం వైపు కదిలారు. వాన తగ్గలేదు. మెట్లు జారుతున్నాయి. ఒకరికి గొడుగు సరిగ్గా పడితే ఇంకొకరి భుజం తడుస్తోంది, అందుకని మలుపు మలుపుకీ భుజాలు మార్చుకుంటూ ఎక్కారు.

సగం దూరం ఎక్కేసరికి ఆమె సంచిలో ఫోన్ మోగింది. తమ్ముడు. ఆమె దాని వైపు చూసి పెదవి కొరుక్కుంది. ఎంతైనా ఎత్తుకుని పెంచినవాడు. ఆయన చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాడు.

"నేనయ్యా, మీ బావని" అన్నాడు. అవతల గొంతు చాలాసేపు గడగడలాడింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. "నిజమే, మాటిచ్చాను. తప్పాను. తప్పినందుకు తిట్టు, పడతాను. మళ్ళీ అడిగితే మాత్రం ఇవ్వను." కాసేపు ఆగి, "అక్కా? పక్కనే ఉంది. తడిసి ముద్దయింది. లేదు, ఏడవడం లేదు. నవ్వుతోంది" అన్నాడు.

ఫోన్ పెట్టేసి, కళ్ళజోడు తీసి, తుడవడానికి పొడిగుడ్డ దొరక్క మళ్ళీ అలాగే పెట్టుకున్నాడు.

"ఏమన్నాడు?" అంది ఆమె.

"పిన్నిగారికి ఎందుకు చెప్పారు, ఇక దేశమంతా తెలిసిపోతుంది అన్నాడు." ఆయన గొడుగుని ఆమె వైపు వంచాడు. "పద, పైకెక్కు. నువ్వు జారితే ఆ వార్త కూడా ఆవిడే పంపుతుంది."

నువ్వు అన్నాడని ఆమె గమనించింది. తరవాతి మెట్టు మీదున్న నీటిగుంటలోకి రెండు కాళ్ళతో దూకింది, అది ఇద్దరి మీదా చిందింది.