ట్రాక్ గొంతు

"ఫ్రిజ్ ఆపావా?" అన్నారు మా ఆయన, చిన్న గదిలోంచి తల మాత్రం బయటపెట్టి.

ఆపాను. ఫ్యాన్లు ఆపాను, కుళాయి కట్టేశాను, కుక్కర్ కూత పెట్టకముందే దించేశాను. ఇంట్లో పాట రికార్డు చేస్తున్నారంటే మాకు దగ్గటానికి కూడా వీల్లేదు. వారమంతా ఆయనకు ఆఫీసు, ఉన్న ఒక్క ఆదివారం ఇదీ వరస. పోయినసారి పని అయ్యాక ఫ్రిజ్ మళ్ళీ వేయటం ఆయనే మర్చిపోయారు. పాలు విరిగాయి, వారానికి సరిపడా తరిగి పెట్టుకున్న కూరగాయలన్నీ పాడయ్యాయి. "ఇంట్లో ఉండి ఆ మాత్రం చూసుకోలేవా?" అన్నారు. అత్తయ్య అందుకుని, "పాట ధ్యాసలో వాడికేం గుర్తుంటాయి, ఆడదానికి ఉండాలి గానీ" అంది. అన్నీ పారబోసి, గిన్నెలు తోమి, మళ్ళీ తరుక్కున్నాను. అప్పట్నుంచి ఆయన బండి తాళంచెవి ఫ్రిజ్‌లో పెడుతున్నాను, దానికోసం తలుపు తీసినప్పుడైనా గుర్తొస్తుందని. వస్తే ఒట్టు. "తాళం ఇంత చల్లగా ఉందేమిటే?" అంటూ తీసుకుని వెళ్ళిపోతారు.

స్టూడియో అని అందరికీ చెప్పుకుంటారు గానీ, అది నేను బట్టలు కుట్టుకునే గది. "ఇంట్లో ఉన్నవాటితోనే తక్కువలో కానిచ్చేశాను" అని స్నేహితులకు ఫోన్లో గొప్పగా చెబుతుంటే వంటింట్లోంచి వింటుంటాను. గొంతు మార్మోగకుండా గోడకు మేకులు కొట్టి వేలాడదీసింది, మా అమ్మ పాత బట్టలతో కుట్టిచ్చిన నా బొంత. పాడేవాళ్ళ ఊపిరి తగలకుండా మైకుకు అడ్డం పెట్టింది, నా ఎంబ్రాయిడరీ చట్రం. దానికి బిగించింది, నా లైనింగు గుడ్డ. ఇక ఇంట్లో ఉన్నవాటిలో నా గొంతొకటి. అసలు పాడాల్సిన మనిషి విని నేర్చుకోవటానికి ముందుగా ఒకరు పాట పాడిపెట్టాలి. దాన్ని ట్రాక్ అంటారు. ఆ మనిషి వచ్చి పాడాక ట్రాక్ తుడిచేస్తారు. మా ఆయన కట్టిన ప్రతి పాటకూ ట్రాక్ నాదే. "రెండు ముక్కలు పాడి వెళ్ళు, పొయ్యి మీద ఏమీ మాడిపోదులే" అంటారు. మాడిపోయిన రోజులూ ఉన్నాయి. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గానీ మా ఇంట్లో పనికొస్తుంది, పైకి చెప్పరంతే. నా గొంతు ఎప్పుడు తుడిచేశారో నాకెవరూ చెప్పరు, నేనూ అడగను.

ఈసారి పాట మీద మాత్రం నాకు ఆశ పుట్టింది. చివర్లో మాటలు లేని ఆలాపన ఒకటుంది. అది ఆయన కట్టింది కాదు. బట్టలు ఆరేస్తూ నాలో నేను తీసుకున్న కూనిరాగం. "అదేదో బాగుందే, మళ్ళీ అను" అని అనిపించుకుని పాటలో కలిపేసుకున్నారు.

ఇవాళ పాడటానికి వచ్చిన అమ్మాయి స్టేజీల మీద పాడుతుందట. చరణాలు చక్కగా పాడింది. ఆలాపన దగ్గర మాత్రం ఎన్నిసార్లు మొదలుపెట్టినా ఆగిపోయింది. చివరికి హెడ్‌ఫోన్స్ తీసేసి, "ట్రాక్ ఎవరు పాడారు సార్? ఆ విరుపు నావల్ల కావట్లేదు" అంది.

"మా ఆవిడేలే. ఊరికే పాడించాను."

"అయితే ఆవిడదే ఉంచేయండి. నేను పాడితే ఖూనీ చేసినట్టుంటుంది."

ఆ అమ్మాయికి మంచినీళ్ళు తెచ్చి గుమ్మంలో నిలబడ్డాను. ఎన్నాళ్ళకు ఇంకొకరి నోట నా గురించి ఒక మాట విన్నాను!

అమ్మాయి వెళ్ళిపోయాక ఆయన కూడా, "ఉంచేద్దాంలే, టైము కలిసొస్తుంది" అన్నారు. ధైర్యం చేసి అడిగాను.

"అయితే పాట కింద నా పేరు కూడా వేస్తారా?"

"పేరా? ఆ రెండు రాగాలకి పేరేమిటే?" అని నవ్వారు. "అయినా ఇంట్లోవాళ్ళ పేరు వేస్తే చవగ్గా లాగించామని తెలిసిపోదూ? ఆ అమ్మాయి పేరు చాలు. నీ గొంతు అందులో కలిసిపోతుంది."

"పేరు కూడు పెడుతుందా ఏమన్నా" అంది అత్తయ్య హాల్లోంచి.

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఉన్నచోటే కూలబడి, ఇక లేవకుండా ఉంటే బాగుండుననిపించింది.

"స్నానం చేసొస్తాను. ఆ ఆలాపన పాటకి అతికించి ఉంచు" అని తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళారు. ఆ పని నాకు వచ్చు. పాడేవాళ్ళ ముందు చేతులూపేది ఆయనైనా, తర్వాత మీటలు నొక్కి ఫైళ్ళు సర్దేది నేనేగా.

ముందు వెళ్ళి ఫ్రిజ్ వేసి వచ్చాను. గోడకున్న మేకులు ఊడదీసి నా బొంత తీసుకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆలాపన మొదటినుంచి చివరిదాకా విన్నాను. బాగుంది. నిజంగానే బాగుంది. దాన్ని నా ఫోన్లోకి ఎక్కించుకుని, కంప్యూటర్లోంచి తీసేయటానికి మీట నొక్కాను.

తీసేయమంటారా అని తెర మీద ప్రశ్న వచ్చింది. నా గొంతును ఏం చేయాలో ఈ ఇంట్లో నన్ను అడగటం ఇదే మొదటిసారి.

అవునన్నాను.