ట్యాగు తీయని కోటు

"ఈసారి ఊరికే ఇచ్చేసి రాకు, రిసీట్ తీసుకురా. నా పేరు మీద," అన్నాడు శ్రీపతి, లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా.

విద్యావతి అప్పుడు ఇస్త్రీ చేస్తున్నది అతని పాత చొక్కానే. ఏటా జూన్‌లో ఇంట్లో అందరి పాత బట్టలూ తీసి, ఉతికి, ఊడిన గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసి ఆప్ షాప్‌లో ఇచ్చి రావటం ఆమె పని. దానంగా వచ్చినవి అమ్మి, ఆ డబ్బు సేవకు వాడే కొట్టు అది. "ఇచ్చేసే బట్టలకి ఇస్త్రీ ఏంటమ్మా, ఇంట్లో పనేం లేదా?" అని అత్తగారు ఒకసారి ఫోన్లో నవ్వింది. ఈ దేశం వచ్చి పాయింట్ కుక్‌లో ఇల్లు కొన్నాక పని లేని రోజంటూ విద్యావతికి గుర్తులేదు. కానీ నలిగిన బట్టలు పట్టుకెళ్తే ఇండియన్లు ఇంతేనని అనుకుంటారేమోనని ఆమెకు బెరుకు. శ్రీపతికి ఆ బెరుకు లేదు, పట్టుకెళ్లేది అతను కాదు కనక.

ఈ ఏడు మాత్రం అతనికి పాత బట్టల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. దానమిచ్చిన బట్టల మీద టాక్స్ తగ్గించుకోవచ్చని ఆఫీసులో ఎవరో చెప్పారట. "నేనూ ఒకటి పెట్టాన్లే సంచిలో," అన్నాడు. ఇన్నేళ్లలో మొదటిసారి ఒక చెయ్యి వేశాడు కదా అని ఆమె సంతోషించింది కూడా.

ఆప్ షాప్‌లో తెల్లజుట్టు ఆవిడ సంచి అడుగు నుంచి నేవీ బ్లూ కోటు పైకి తీసింది. "ట్యాగ్ ఇంకా ఉంది, లవ్. ఆర్ యూ ష్యూర్?"

విద్యావతి కోటును గుర్తుపట్టింది. కూతురు గీతిక స్కూల్లో ఉండే వేళల్లో చదివి లాబ్ కోర్సు పూర్తి చేశాక, ఇంటర్వ్యూలకని కొనుక్కున్న కోటు. బాత్రూం తలుపు వేసుకుని, అది తొడుక్కుని, ట్యాగు కోటు చేతిలోపలికి మడిచి, అద్దంలో చూసుకుని మళ్లీ తగిలించేది. రక్తపరీక్షలు చేసే ఒక పాథాలజీ లాబ్ వాళ్లు గురువారం రమ్మన్నారు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. కిందటిసారి ఉద్యోగం మాటెత్తితే, "గీతికని స్కూల్నుంచి ఎవరు తెస్తారు? నీ జీతం సాయంత్రాలు పిల్లని చూసే ఆఫ్టర్‌కేర్‌కే పోద్ది," అని శ్రీపతి టీవీ సౌండ్ పెంచాడు.

శ్రీపతికి ఫోన్ చేసింది. "నా కోటు సంచిలో పెట్టారేంటండీ?"

"పాతవాటికి ఏం రాదు విద్యా. ఏడాదిలోపు కొన్నదయ్యి, బిల్లుంటేనే క్లెయిమ్ అవుద్ది. మొత్తం ఇంట్లో అదొక్కటే దొరికింది. నువ్వెట్టాగూ వేసుకోవట్లేదుగా?"

"అది నాది కదండీ."

"నా కార్డుతోనే కదా కొన్నావ్?"

కోపంగా అనలేదు. బియ్యం అయిపోయాయని చెప్పినంత మామూలుగా అన్నాడు. ఆమెకు మండింది అందుకే. కసురుకుంటే కనీసం తిరిగి కసరొచ్చు. ఆమె అలమార తెరిచాడు, బిల్లు వెతికాడు, హ్యాంగర్ నుంచి తీశాడు. ఇంత కష్టపడినవాడికి, ఇది ఎందుకు కొన్నావని అడగటం మాత్రం తోచలేదు.

"రిసీట్ ఎవరి పేరు మీద రాయను?" అంది కౌంటర్లో ఆవిడ.

"రిసీట్ వద్దు. కత్తెర ఉంటే ఇస్తారా?"

ట్యాగు తనే కత్తిరించింది. కోటు తొడుక్కుంది. మిగతా బట్టలు అక్కడ పెట్టి ఇంటికొచ్చింది.

శ్రీపతి చెయ్యి చాపాడు. "రిసీట్ ఏది?" అని, అప్పుడు కోటు చూశాడు. "ఇదేంటి? ట్యాగ్ కూడా తీసేశావా?"

"గురువారం ఇంటర్వ్యూ ఉందండీ. ఆ రోజు గీతికని మీరే తీసుకురావాలి."

"నాకు ఆఫీసు లేదా? చెప్పా పెట్టకుండా… అయినా ఆ కోటు డబ్బు నేను కట్టిందేగా."

"అవును. మొదటి జీతంలో ఇచ్చేస్తాను," అంది విద్యావతి. బల్ల మీద అతని రేపటి చొక్కా సగం ఇస్త్రీతో ఆగి ఉంది. దాన్ని మడిచి అతని లాప్‌టాప్ పక్కన పెట్టింది. "ఈలోగా, ఇన్నేళ్ల ఇస్త్రీకి ఎంతవుద్దో మీరు చూసి ఉంచండి. మీకు లెక్కలు బాగా తెలుసు కదా."