కరిగినంతసేపూ కూర్చోవాలి

పొద్దున్నే కొట్టు తలుపు తీయగానే కోడలు చేసే మొదటి పని, రాత్రి ఆరేసిన గొడుగులు ముడిచి గుమ్మం పక్కన నిలబెట్టడం. ఆ తర్వాత కుంపటి రాజేస్తుంది. ఈలోపు అత్తగారు నేలంతా తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను బకెట్లో పిండి, అడుగున బంగారు రజను పేరుకునేదాకా బకెట్ ఎవరూ కదపకుండా మూలకి నెడుతుంది. నగలు చేసే కొట్లన్నిట్లోనూ ఇంతే. గొడుగులు మాత్రం వీళ్ల దగ్గరే ఉంటాయి.

ఎందుకంటే బంగారం ఎక్కడ కరిగినా, అది పుట్టిన చోటి వాతావరణం ఆ గదిలోకి వస్తుంది. మిగతా కొట్లవాళ్లు కొనేవాళ్ల కంట పడకుండా తలుపులేసుకుని, వచ్చినదాన్ని తుడిచేసుకుని పని కానిస్తారు. ఏటి ఇసుకలో దొరికిన బంగారమైతే సన్నటి జల్లు పడుతుంది. కొండల్లోదైతే పళ్లు టకటకలాడించే చలిగాలి. కొన్ని పాత గాజులు కరిగితే మాత్రం ఎండ కాస్తుంది. ఆ వీధిలో అదేం వింత కాదు. పక్క కొట్టు దర్జీ అయితే రోజూ తల లోపలికి పెట్టి, "ఇవాళ ఎండ బంగారం ఏదైనా ఉంటే చెప్పమ్మా, మా దుప్పటి ఆరలేదు" అని అడిగిపోతాడు.

మామగారు పెట్టిన నియమం ఒక్కటే. నగ ఎవరు పెట్టుకుంటారో వాళ్లే వచ్చి, మూసలో, అంటే ఆ చిన్న మట్టిగిన్నెలో, బంగారం కరిగినంతసేపూ కుంపటి ముందు పీట మీద కూర్చోవాలి. గొడుగు వేసుకోవచ్చు గానీ లేచి వెళ్లకూడదు. "మెళ్లో వేసుకునేది ఏం చూసొచ్చిందో తెలుసుకోవద్దా?" అనేవాడాయన. ఆయన పోయాక పనినీ, నియమాన్నీ కోడలే అందుకుంది. కొడుకు సుత్తి పడితే తన వేళ్ల మీదే వేసుకుంటాడు, అందుకని హాయిగా బస్సు నడుపుకుంటున్నాడు.

ఒకరోజు షోరూం ఆయన వచ్చాడు. కొట్టున్న భవనం ఆయనదే. వీధికి అవతల పక్క, ఇంకా తెరవని అద్దాల షోరూమూ ఆయనదే. జేబులోంచి బంగారు బిస్కెట్ తీసి బల్ల మీద పెట్టాడు.

"మా అమ్మాయికి హారం చెయ్యాలమ్మా. షోరూం ఇక మీదట తనే చూసుకుంటుంది. తెరిచే రోజు అది మెళ్లో ఉండాలి."

"దానిదేముందండీ, అమ్మాయిగారిని పంపించండి, కరిగించేద్దాం" అంది కోడలు.

"దానికి తీరికెక్కడిది? నువ్వు తలుపులేసుకుని కానిచ్చెయ్. కాగితాలన్నీ శుభ్రంగా ఉన్నాయి."

"కాగితాలు బాగానే ఉంటాయి నాయనా" అంది అత్తగారు, బకెట్ దగ్గర్నించే. "మేం కరిగించేది వాటిని కాదుగా."

ఆయన నవ్వలేదు. "చూడండి, హారం కుదిరితే షోరూం పనంతా మీకే. కుదరదంటారా, ఈ గది నాకు సామాన్లు పెట్టుకోవడానికి కావాలి."

కోడలు కుంపటి వైపు చూసింది. ఈ గది పోతే కుంపటి ఎక్కడ పెట్టాలి? ఈ వయసులో అత్తగారిని ఎక్కడెక్కడ తిప్పాలి? భయం వేసింది, బాగా వేసింది. అయినా నోట్లోంచి మళ్లీ ఆ మాటే వచ్చింది. "అమ్మాయిగారిని పంపించండి."

సంగతి తెలిసి అమ్మాయి తనంతట తనే వచ్చేసింది. వెనకే సణుక్కుంటూ తండ్రి. ఆమె పసుపుపచ్చ గొడుగు ఒకటి ఎంచుకుని, ఏదో సరదాకి వచ్చినట్టు పీట మీద కూర్చుంది.

బిస్కెట్ అంచులు మెత్తబడ్డాయి. జల్లూ పడలేదు, గాలీ వీచలేదు. పట్టపగలే గది చీకటైపోయింది. ఉక్క. నేలలోంచి బురదనీళ్లు ఊరడం మొదలై మడమలు దాటి పిక్కల దాకా వచ్చాయి. గొడుగు దేనికీ పనికిరాలేదు. అంతలో ఆ చీకట్లో ఎవరో దగ్గారు. పిల్లల దగ్గు. ఆ వెంటనే ఇంకో దగ్గు, ఇంకా చిన్న గొంతుది.

"ఎవరది?" అంది అమ్మాయి.

"ఈ బంగారం తవ్వినవాళ్లు" అంది కోడలు.

తండ్రి అప్పటికే బల్లెక్కేశాడు. "మంట ఆపు ముందు! హారం పెట్టుకునేది నేనా? నా బూట్లెందుకు నాశనం చేస్తావ్? అయినా ఇదెక్కడ లేదు? అందరూ తుడిచేసుకుని పని చేసుకోవట్లా? నీకేం నొప్పి?"

"దీన్ని నేను తుడిచెయ్యను" అంది కోడలు.

అమ్మాయి సగం లేచింది. కోడలు మూస మీంచి చూపు తిప్పకుండానే అంది. "కరిగినంతసేపూ కూర్చోవాలమ్మా." అమ్మాయి మళ్లీ కూర్చుంది. గొడుగు ముడిచి ఒళ్లో పెట్టుకుంది. బంగారం పూర్తిగా కరిగేదాకా ఆ దగ్గు ఆగలేదు.

కరిగినదాన్ని కోడలు అచ్చులో పోసి, చల్లార్చి, ఆయన చేతిలో పెట్టింది. "హారం చెయ్యను. మీ బంగారం గురిగింజెత్తు కూడా తగ్గలేదు, చూసుకోండి."

"మరి గది?"

"గది మీదే, తాళం వేసుకోండి. మూస నాది."

మర్నాడే తాళం పడింది. కుంపటి, పీటలు, గొడుగులు వీధిలోకొచ్చాయి. దర్జీ తన బట్టలు కత్తిరించే బల్ల ఇచ్చాడు. అత్తగారు కొంగు బిగించి, "పదవే, వీధికి కూడా కాస్త మన గాలి తగలనీ" అంటూ పీటలు తెచ్చి, సరిగ్గా షోరూం ఎదురుగా వేసింది.

షోరూం తెరిచే రోజు పెద్దపెద్దవాళ్లంతా వచ్చారు. అమ్మాయి మెళ్లో హారం ధగధగలాడుతోంది. అదే బంగారం. ఇంకెవరో తలుపులేసుకుని, తుడిచేసుకుని చేసి ఇచ్చారు. ఆమె అద్దాల తలుపు తోసుకుని బయటికొచ్చి, తిన్నగా వీధి దాటింది. మెళ్లోంచి హారం తీసి కోడలి చేతిలో పెట్టింది.

"అక్కా, దీన్ని కరిగించు."

కోడలు ఆమెనే చూసింది. "మీ నాన్నగారు?"

"హారం నాది కదా." ఆమె పీట మీద కూర్చుంది. గొడుగు వద్దంది.

కుంపటి చుట్టూ ఎండ మసకబారింది. ఆ మసక వీధంతా పాకింది. బురదనీళ్లు ఊరి, రోడ్డు దాటి, పాలరాతి మెట్లెక్కి, అద్దాల తలుపు కిందనుంచి లోపలికి పోయాయి. అతిథులు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. పిల్లల దగ్గు అందరికీ వినిపించింది.

తండ్రి బురదలో పడుతూ లేస్తూ వచ్చాడు. "లే! పిచ్చా నీకు? అందరూ చూస్తున్నారు!"

"చూడనివ్వండి నాన్నా. షోరూం నన్నే చూసుకోమన్నారుగా. ఇలాగే చూసుకుంటాను."

"ముందు లేవమంటున్నానా!"

"కరిగినంతసేపూ కూర్చోవాలి" అంది అమ్మాయి.

అత్తగారు రెండో పీటని కాలితో ఆయన ముందుకు జరిపింది.