వేలు పెట్టి చూపించు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మూడో తరగతి పిల్లలకు చదివింది అర్థం చేసుకోవడం నేర్పే ఉద్యోగం నాది. గాల్లోంచి జవాబు చెబితే ఊరుకోను. "ఏ వాక్యంలో ఉందిరా? వేలు పెట్టి చూపించు" అంటాను. చూపించలేకపోతే అది జవాబే కాదు. చాటున నాకు 'వేలు టీచర్' అని పేరు పెట్టుకున్నారు. నాకు తెలీదనుకుంటారు భడవలు.

ఆ సోమవారం కథలు వద్దు, నిజం రాయండి అన్నాను. ఇంట్లో ఉన్న ఒక వస్తువు గురించి ఒక పేజీ. పైన శీర్షిక, లోపల చిన్న శీర్షికలు, బొమ్మ, బొమ్మకు బాణాలు. ఒకడు తాతయ్య పళ్లసెట్టు గురించి రాశాడు. కిటికీ పక్కన కూర్చునే బక్కపిల్ల, మేమందరం పిచ్చుక అని పిలిచేది, వాళ్ల నాన్న బెల్టు గురించి రాసింది. శీర్షికలు చక్కగా ఉన్నాయి, బాణాలు తిన్నగా ఉన్నాయి. స్టార్ పెట్టి గోడకు అంటించాను.

శుక్రవారం తల్లిదండ్రులు వచ్చే రోజు. పిచ్చుక వాళ్ల నాన్న గోడ ముందు నిలబడి ఆ పేజీ చదివాడు. మెడ నరాలు ఉబ్బాయి. కాగితం పీకి, ఉండచుట్టి విసిరికొట్టి, పిల్ల జడ చేతికి చుట్టుకుని బెంచీల మధ్య నుంచి ఈడ్చాడు.

"ఇంటి పరువు గోడకెక్కిస్తావా? పద, ఇంటికి పద, చెప్తా నీ పని!"

అడ్డుపడ్డాను. మోచేత్తో మూతి మీద ఒక్కటిచ్చాడు. పన్ను విరిగి నాలుక మీద పడింది. నాకు ఒళ్లు తెలియలేదు. చెక్క స్కేలు తీసి అతని మణికట్టు మీద కొట్టాను, జడ వదిలేదాకా కొట్టాను. నన్ను ఎత్తి బీరువాకేసి బాదాడు. అద్దం పగిలి చెయ్యి తెగింది. పిల్లలు గోలగోలగా ఏడ్చారు. చివరికి ముగ్గురు తండ్రులు కలిసి అతన్ని నేలకు అదిమిపట్టారు.

పోలీసుల కోసం ఎదురుచూస్తూ, ఆ కాగితపు ఉండను రక్తపు చేతులతో సాపు చేసి చదివాను. అవును, అప్పుడే మొదటిసారి చదివాను. 'ఎక్కడ ఉంటుంది: తలుపు వెనక మేకుకు. ఎప్పుడు తీస్తారు: నీళ్లు ఒలికితే, అమ్మ అడ్డొస్తే. గుర్తులు: నా వీపు మీద ఏడు ఉన్నాయి.' ముప్ఫై ఒక్క పేజీలు దిద్దాలని శీర్షికలు, బాణాలు చూసి వదిలేశాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

హెడ్‌మాస్టర్ గదిలో పోలీసాయన ముందు ఆ తండ్రి చొక్కా సర్దుకుని పెద్దమనిషైపోయాడు.

"చిన్నపిల్ల సార్, ఏదో కథ అల్లింది. నాకూ కోపం వచ్చింది, తప్పే. టీచరుగారికి క్షమాపణ చెప్పి పిల్లని తీసుకెళ్తాను."

"పోనీలెండి, ఇంటి గొడవ" అన్నారు హెడ్‌మాస్టర్.

పోలీసాయన పెన్ను జేబులో పెట్టుకోబోయాడు. ఆ పెన్ను జేబులోకి వెళితే పిల్ల ఆ ఇంటికి వెళ్తుంది.

"కథ కాదండీ! ఆ రోజు నా క్లాసులో ఎవర్నీ కథ రాయనివ్వలేదు" అని, రక్తం ఆగడానికి నోట్లో పెట్టుకున్న గుడ్డ తీసి అరిచి, కాగితం ఆయన చేతిలో పెట్టాను.

ఆయన చదివి, నా పక్కన నిలబడ్డ పిచ్చుకతో, "ఎక్కడమ్మా ఏడు?" అన్నాడు.

పిచ్చుక వెనక్కి తిరిగింది. గౌను భుజం దించి, చెయ్యి వెనక్కి పెట్టి, అందినవాటి మీద వేలు పెట్టి చూపించింది. అందనివి ఆయనే లెక్కపెట్టాడు.

"తొమ్మిదున్నాయే?"

"చూశారా సార్, అబద్ధం రాసింది!" అన్నాడు తండ్రి.

"అది సోమవారం రాశాను సార్. రెండు బుధవారానివి" అంది పిచ్చుక.

పోలీసాయన లేచి, ఆ తండ్రిని మెడ పట్టుకుని బయటికి నడిపించాడు. పిల్ల అమ్మమ్మకు కబురు వెళ్లింది.

నేను పిల్లను ఒళ్లోకి లాక్కున్నాను. ఏడుపు ఆగలేదు నాకు.

"మరి నాకొక్క మాటైనా చెప్పలేదేమే తల్లీ?"

అది నన్ను వింతగా చూసింది. బల్ల మీది కాగితం దగ్గరికి లాక్కుని, నా స్టార్ మీద వేలు పెట్టింది.

"మీరు చదివారుగా, టీచర్."