ఎక్కువ భయం, మూడో కాపీ

ఆవిడ బట్టలు కుడుతుంది. జానెడు గుడ్డ మిగిలినా పారేయదు. మూటగట్టి, చీటీ గుచ్చి, అటకెక్కిస్తుంది. ఫోను చేతికొచ్చాక దాన్నీ అటకలాగే నింపింది. ఆదివారం మధ్యాహ్నం అది ఇక చోటు లేదని మొరాయించింది.

మొరాయించడానికి దానికి ఈ రోజే దొరికిందా అని ఆవిడ దాన్ని తిట్టిపోసింది. మర్నాడు పదకొండింటికి మొగుణ్ని నిద్ర డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. రెండు నెలలుగా ఆయన గురకను ఫోనులో రికార్డు చేస్తోంది. పగలు మిషను తొక్కుతూ చెవిలో పెట్టుకుని వింటుంది. నడుస్తున్న గురక టక్కున ఆగిపోతుంది, పది లెక్కపెట్టినా ఊపిరి రాదు. అక్కడే ఆవిడా ఆపేసేది. ఆ పైన వినే గుండె ఆవిడకు లేదు.

ఆ ముక్క వినిపించకపోతే డాక్టరు ఏవో బిళ్లలు రాసిచ్చి పంపేస్తాడు. తర్వాత జరగబోయేదంతా ఊహించుకుని, ఎవరెవరికి కబురు చేయాలో కూడా అనుకుని, ఆవిడ లెంపలేసుకుంది. ఆయన గడియారాలు బాగుచేసే మనిషి. కంటికి భూతద్దం పెట్టుకునే కునికిపాట్లు పడుతున్నాడని పక్క కొట్టువాడు చెప్పాడు. జబ్బు లేకపోతే పట్టపగలు ఎవరికి కునుకొస్తుంది?

కూతుర్ని పిలిపించింది. ఒక ఆఫీసు రికార్డు గదిలో ఏ కాగితం ఉంచాలో, ఏది పోవాలో తేల్చడమే ఆ పిల్ల ఉద్యోగం. ఫోను చూసి నవ్వాపుకుంది.

"ఈ పేర్లేంటమ్మా? 'కొంచెం భయం', 'భయం', 'ఎక్కువ భయం'..."

"చీటీ లేకపోతే ఏ మూట ఏదో ఎలా తెలుస్తుందే?"

"సరే. 'ఎక్కువ భయం' మూడున్నాయేం?"

"ఒకటి పాడైతే రెండోది. అదీ పోతే?"

"మూడూ ఒకే ఫోనులో ఉన్నాయి కదా. ఫోనే నీళ్ల బకెట్లో పడితే?"

ఆవిడ లేచి వెళ్లి, వంటింట్లో బకెట్టు ఖాళీ చేసి, బోర్లించి వచ్చింది.

కూతురు 'ఎక్కువ భయం' ఒకటి తన కంప్యూటర్లోకి ఎక్కించి, ఫోనులో మిగతా కాపీలు తీసేయడం మొదలుపెట్టింది. "మెల్లగా, మెల్లగా. అసలు దానికి తగిలేను," అంటూ ఆవిడ ఊపిరి బిగబట్టి కూర్చుంది, సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు.

"అమ్మా, రాత్రి ఫోను ఎక్కడ పెడతావు?"

"నా తల దగ్గర, స్టూలు మీద. చార్జరు వైరు మీ నాన్న వైపు అందదు."

"నాన్న గోడ వైపు కదా పడుకునేది."

"అయితే ఏమైంది?"

కూతురు ఫైలు పెట్టింది. గురక వినపడింది, ఆగింది. ఆపేద్దామని ఆవిడ చెయ్యి చాచింది. కూతురు ఫోను పక్కకు జరిపింది. ఎనిమిది, తొమ్మిది, పది. అప్పుడు దూరం నుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఏమే... కాస్త పక్కకి తిరుగు. ఆఁ, అలా. ఊపిరి పీల్చు."

మంచం కిర్రుమంది. పెద్ద ఊపిరొకటి. మళ్లీ గురక.

గురక పెడుతూ మాట్లాడే విద్య ఆయనకు రాదని ఆవిడకూ తెలుసు. గుమ్మం దగ్గర కుర్చీలో జోగుతున్న ఆయన ఒక కన్ను తెరిచాడు.

"మీకు తెలిసీ నాకు చెప్పలేదా?"

"చెబితే ఆ భయంతో నిజంగానే నిద్ర మానేస్తావు. అప్పుడు ఇద్దరం జాగారం చెయ్యాలి."

"మరి డాక్టరు దగ్గరికి వస్తానని ఎందుకు ఒప్పుకున్నారు?"

"నీ కోసమంటే గడప దాటవు. నా కోసమంటే నాకంటే ముందు నడుస్తావు. అక్కడికి చేరాక రోగివి నువ్వని చెబుదామనుకున్నా."

"అయితే నాన్నా," అంది కూతురు, "రెండు నెలలుగా కంటి మీద కునుకు లేదని అమ్మ అందరికీ చెప్పిందే, అదంతా..."

"అది నిజమేనమ్మా. నా కంటి మీద."

ఆగుతున్నది తన ఊపిరేనని తెలిశాక ఆవిడకు భయం వేయాలి. కానీ ముందు సిగ్గేసింది. ఆ వెనకే, ఆయనకేం కాలేదన్న ఊరటతో ఒళ్లంతా తేలికపడింది. భయం రేపు పదకొండింటికి ఎలాగూ వస్తుంది.

"పొద్దున్నే ఆస్పత్రికి ఫోన్ చేసి చీటీలో నా పేరు రాయించు," అంది కూతురితో. "ఆ 'ఎక్కువ భయం' కూడా మార్చెయ్."

"ఏం పెట్టను?"

"'మీ నాన్న' అని పెట్టు."

"డాక్టరుకు వినిపించాక తీసెయ్యొచ్చా?"

"అదేం మాట. మూడు కాపీలు చెయ్యి. ఒకటి నీ దగ్గరే ఉంచు."

నవ్వుతాడేమోనని ఆయన వైపు చూసింది. ఆయన అప్పుడే నిద్రలోకి జారిపోయాడు. సాయంత్రానికల్లా ఇవ్వాల్సిన చొక్కాకు ఇంకా చేతులు కుట్టాలి. ఆవిడ చప్పుడు చేసే మిషను మీద గుడ్డ కప్పేసి, సూదీ దారం ఒళ్లో పెట్టుకుంది.