ముఖంలో గదులు

తొట్టి మీదికి వంగి, తల ఒక పక్కకు వాల్చి, ఆమె ఎడమ ముక్కులోకి ఉప్పునీళ్లు వంపుకుంది. నోరు తెరిచి, నోటితోనే ఊపిరి తీస్తోంది. నీళ్లు లోపల ఎక్కడెక్కడో తిరిగి కుడి ముక్కులోంచి సన్నటి ధారగా జారాయి. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ రోజూ చేస్తున్న పనే. అయినా ఆమెకు రోజూ వింతే. ఒక గుమ్మంలో పోసిన నీళ్లు ఇంకో గుమ్మంలోంచి వచ్చాయంటే మధ్యలో ఎంత ఇల్లుండాలి!

తువ్వాలు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు వడ్రంగి, ఆమె మొగుడు.

"ఏమైనా తెలిసిందా?"

"ఉప్పు తగిలింది. వాసన లేదండీ."

"వస్తుందిలే. వానకి ఉబ్బిన తలుపు ఒక్క ఎండకే తెరుచుకుంటుందా?"

పచ్చి కుళాయి నీళ్లు ముక్కులో పోయొద్దని డాక్టరమ్మ చెప్పిన దగ్గర్నుంచీ ఆ పని ఆయన తన నెత్తిన వేసుకున్నాడు. మర్నాటి నీళ్లు ముందురోజే మరిగించి చల్లారుస్తాడు. ఉప్పు కొలిచి పొట్లం కడతాడు. ఇంకొకరిని చెయ్యి పెట్టనివ్వడు.

తను పనిచేసే లాండ్రీలో ఆమెను మొద్దుముక్కు అంటారు. మొదట్లో అవి మామూలు జలుబులే. తర్వాత వంగితే కళ్ల కింద పోటు, చెంపల్లో బరువు, చివరికి వాసన పూర్తిగా పోయింది. మందుల కొట్టువాడు ఏ బిళ్ల ఇస్తే అది మింగింది. "ప్రతి జలుబుకీ యాంటీబయాటిక్ ఎందుకమ్మా? చాలామటుకు వాటంతటవే తగ్గుతాయి. నీది వేరు, ఏళ్లుగా నానుతున్న వాపు" అని డాక్టరమ్మ మందలించి, స్కాన్ తీయించి చూపించింది. చెంపల్లో, కనుబొమల వెనక, ముక్కుకి అటూ ఇటూ ఎముకల్లో బోలు గదులు. ఖాళీగా, నల్లగా కనిపించాల్సినవి ఆమెకు బూడిదరంగుతో నిండి ఉన్నాయి. గుమ్మాలకు మెత్తటి కండలు గుత్తులుగా అడ్డం పెరిగాయి. ఆమె వ్యాధి సంగతి మరిచిపోయి నోరెళ్లబెట్టింది. అద్దె ఇళ్లలోనే బతుకంతా గడిపిన తనకు మొహంలో ఇన్ని సొంత గదులా!

మందులకు, స్ప్రేకి లొంగకపోతే ముక్కులోంచే వెళ్లి దారులు తెరిచారు. వాసన రావచ్చు, రాకపోవచ్చు అన్నారు.

లోకంలోని వాసనలన్నీ ఆమెకు అక్కర్లేదు. ఒక్కటి చాలు. ముక్కు మూతపడ్డాకే ఈయన్ని మారుమనువు చేసుకుంది. ఇన్నేళ్లు పోట్లాడింది, నవ్వింది, పక్కన పడుకుంది. ఆయన వాసనేమిటో మాత్రం ఎరగదు. ఈమధ్య ఆయన మెట్ల మధ్యలో ఆగి గుండె మీద చెయ్యి వేసుకుంటున్నాడు. డాక్టరు దగ్గరికి పదండంటే, "ముందు నీ ముక్కు సంగతి తేలనీ" అంటాడు. ఇవాళ గుమ్మం దిగుతూ ఒట్టు వేయించుకుంది. రేపు వెళ్లాలి, అంతే.

లాండ్రీలో ఆమెది మాసిన గుడ్డలు వేరుచేసే పని. ఒకప్పుడు ఇస్త్రీ బల్ల దగ్గరే ఉండేది. తన చేతికిందే దుప్పటి మాడి పొగలొస్తున్నా తెలియక పాట పాడుకుంటూ నిలబడటంతో అక్కణ్నుంచి తీసేశారు. ముక్కున్నవాళ్లు దగ్గరికి రాలేని గుట్ట ఆమెకు అప్పగించారు. ఆ గుట్ట పక్కనే కూర్చుని హాయిగా భోంచేసేది.

మధ్యాహ్నం ఆమె ఉన్నట్టుండి తలెత్తింది.

"ఏదో మాడుతోంది."

"ఎవరు చెబుతున్నారో చూడండర్రా!" అని ఇస్త్రీ వదిన పకపకా నవ్వి, వెనక్కి తిరిగి, కెవ్వుమంది. పెట్టె కింద దుప్పటి అంచు గోధుమరంగుకు తిరుగుతోంది.

అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఆమె కదల్లేదు. మాడు వెనకాలే సబ్బు ఘాటు వచ్చింది, తడిగుడ్డ వాసన వచ్చింది, చివరికి తన గుట్ట కంపు గుప్పుమంది. "ఛీ, ఇంత కంపులోనా నేను ఇన్నాళ్లూ అన్నం తిన్నది!" అంటూ నవ్వింది. కళ్లు మాత్రం నిండిపోయాయి. ఎంత గొప్ప కంపు!

"ఇంకా ఇక్కడెందుకే? పో, మీ ఆయన్ని వాసన చూసుకో" అంది వదిన. అందరూ గొల్లుమన్నారు. ఆమె సిగ్గుపడలేదు, పరుగెత్తింది.

దారంతా చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. వచ్చిన వాసన దారిలోనే ఖర్చయిపోతుందేమోనని భయం.

ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నాడు. ఒళ్లో చిత్రిక పట్టిన పొట్టు. లేపకుండా పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆయన మెడవంపులో ముక్కు పెట్టింది. అప్పుడే కోసిన చెక్క. బంక పులుపు. చెమట. వాటన్నిటి అడుగున పేరు లేనిది ఇంకేదో, వెచ్చగా, ఈయనొక్కడిదే. ఇంత మనిషిని పక్కనుంచుకుని ఇన్నేళ్లూ సగమే చూసింది.

"ఏవండీ, తలుపు తెరుచుకుంది."

ఆయన ఛాతీకి చెంప ఆనించింది. ఆమె చెంప కింద ఆయన గుండె కదలడం లేదు.

ఇరుగుపొరుగు వచ్చారు. పిలిస్తే వచ్చిన డాక్టరు చెయ్యి పట్టుకు చూసి వదిలేశాడు. "ఏడువమ్మా, గుండెల్లో దాచుకోకు" అంది పక్కింటి పిన్ని. ఆమె తల అడ్డంగా ఊపింది. ఏడిస్తే ముక్కు మూసుకుపోతుంది. ఆయన్ని తీసుకెళ్లేదాకా ఆ మెడవంపు వదలకుండా, నెమ్మదిగా ఊపిరి తీస్తూనే ఉంది.

వంటింటి గట్టు మీద, రేపటికని ఆయన మరిగించి పెట్టిన నీళ్లు చల్లారుతున్నాయి, మూత మీద ఉప్పు పొట్లంతో.