ఈటబొంగులో కప్ప

నేను చిత్తూరుదాన్ని. పెళ్ళయి ఈ ఇడుక్కి కొండకు వచ్చి పద్దెనిమిదేళ్ళు. అంగన్‌వాడీలో మలయాళమే చెబుతాను, కలలు కూడా అందులోనే వస్తాయి. అయినా నోరు జారే అలవాటు పోలేదు. ఆ జూలైలో గోడకు బొమ్మల అట్ట తగిలించి, "ఇదిగో, కప్ప" అనేశాను. ఇక్కడ కప్ప అంటే కర్రపెండలం. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు.

"ఉడకబెట్టి చేపల పులుసుతో తిందామా టీచర్?" అన్నాడొకడు.

అప్పటినుంచి మా బడిలో కప్పలు రెండు: తినే కప్ప, గెంతే కప్ప.

నవ్వనిది మాళు ఒక్కతే. నాలుగున్నరేళ్ళది. ఇంట్లో వసపిట్ట, బడిలో చేరి నాలుగు నెలలైనా నోరు విప్పలేదు. శుక్రవారం మళ్ళీ వస్తాననీ, అప్పటికీ మాట్లాడకపోతే పట్నంలో మాటరాని పిల్లల బడికి రాసేస్తాననీ సూపర్‌వైజరు చెప్పి వెళ్ళింది. ఆ బడికి బస్సులో నాలుగు గంటలు. పిల్లను హాస్టల్లో వదలాలి.

సోమవారం మాళు ఒక ఈటబొంగు ముక్క తెచ్చి నా బల్లమీద పెట్టింది. వాళ్ళ తాత చెల్లప్పన్ బుట్టలల్లడానికి కొండమీద ఈట నరుకుతాడు. సన్నవెదురే అది. బొంగుకు చిన్న చీలిక ఉంది. కన్ను ఆనించి చూస్తే లోపల ఆరు కప్పగుడ్లు, నానిన సగ్గుబియ్యంలా. ఆ పిల్ల నాకోసం తెచ్చిన మొదటి వస్తువు అది. నా సంబరం ఇంతా అంతా కాదు. గోడమీది అట్టలో గుడ్ల తర్వాతి బొమ్మ నీళ్ళలో ఈదే తోకకప్ప. ఇంకేం, బొంగు చీల్చి, గుడ్లు తీసి నీళ్ళ సీసాలో వేశాను.

"రోజూ చూద్దాం, తోకలొస్తాయి" అన్నాను.

మాళు నా కొంగు పట్టుకుని గుంజింది. చూడాలని తొందర కాబోలనుకుని సీసా ఇంకాస్త దగ్గరికి జరిపాను.

బుధవారానికి గుడ్లు తెల్లబడి కుళ్ళిపోయాయి. మాళు సీసా వంక చూసి, మూలకు పోయి గోడవైపు తిరిగి కూర్చుంది. గంజి ముట్టలేదు.

సాయంత్రం చెల్లప్పన్ ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన కత్తి పక్కన పెట్టాడు.

"నీళ్ళలో వేశావా? చదువుకున్నదానివే గదమ్మా! ఈటకప్పకి తోకేంటి? గుడ్డులోంచే కాళ్ళతో దిగుద్ది పిల్ల. చీలికున్న బొంగు మేం నరకనే నరకం. ఇది గాలికి విరిగి పడింది. టీచర్‌కిస్తే బతికిస్తుందని మాళు ఒకటే గోల."

"మరి అది నాకో మాట చెప్పలేదే తాతా?"

"చెప్పే ఉంటది. నోటితో చెబితే తప్ప నీకు వినబడదేమో!"

కొంగు గుంజడం గుర్తొచ్చింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

గురువారం పిల్లలందరినీ వెంటేసుకుని ఈటపొదకు వెళ్ళాం. చెల్లప్పన్ చూపించిన చీలికలోంచి వడ్లగింజంత కప్పపిల్ల బయటికొచ్చింది. తోక లేదు. నేను వంగి మాళుకు తప్పయిపోయిందని చెప్పాను. అది పట్టించుకోలేదు, కప్పపిల్లనే చూస్తోంది.

శుక్రవారం సూపర్‌వైజరు వచ్చి అట్ట ముందు మాళును నిలబెట్టింది. చేతిలో పట్నం బడికి రాసే కాగితం సిద్ధంగా ఉంది.

"గుడ్లు ఎక్కడ ఉంటాయి పాపా? నీళ్ళలోనా?"

మాళు పలకలేదు. పోనీ గుంజుతుందేమోనని కొంగు దానికి అందేలా పక్కన నిలబడ్డాను. అది కొంగు వంక చూసింది, నా మొహం వంక చూసింది.

"నీళ్ళలో వేసేది తినే కప్పని" అంది గట్టిగా. "గెంతే కప్పని వేస్తే చచ్చిపోద్ది. మా టీచర్‌కి తెలీదు."

గెంతే కర్రపెండలం ఏమిటో సూపర్‌వైజరుకు అర్థం కాలేదు. కాగితం మాత్రం మడిచి సంచిలో పెట్టేసుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. నాలుగు నెలలకు ఆ పిల్ల నోటివెంట వచ్చిన మొదటి మాట, నామీద చాడీ.